సఫ్రన్‌బోలు ప్లానులో ఏడో లైను

మొదటి ప్లాను వేసిన మనిషి మంగళవారం పొద్దున అంకారాలో, మంగలి షాపు కుర్చీలో, ముఖాన సబ్బు నురగతోనే చచ్చిపోయాడు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. అతని జేబులో ఉండాల్సిన డైరీ లేదు.

బుధవారం గూఢచారి శాఖ చీఫ్ ముజఫ్ఫర్ బే తన ఏజెంట్ నెజాత్‌ని పిలిచాడు.

"అతిథి పొరుగుదేశం నీటిపారుదల మంత్రి. నదీజలాల ఒప్పందం మీద రేపు సంతకాలు. శనివారం సఫ్రన్‌బోలు ఊరు చూస్తాడట. మూడు గంటలు."

"చూడకపోతే ఏం?"

"చూస్తానని పేపర్లకి చెప్పేశాడు. రూట్ నువ్వు వెయ్యి. పాత ప్లాను చేతిలో ఉంచుకో. శనివారం పదకొండింటికి ఫైనల్ ప్లాను నువ్వే ఫోన్లో చదవాలి. నీ గొంతు తప్ప ఇంకో గొంతు నేను నమ్మను."

"ఫోన్ చెయ్యలేకపోతే?"

"పాత ప్లానే ఖాయం. అది రూలు."

"ఇంత తెలివైన రూలు ఎవరు పెట్టారు?"

"నేనే."

నెజాత్ పాత ప్లాను కాగితం అందుకున్నాడు.

"ఇంకో సంగతి," అన్నాడు చీఫ్. "ముందు కారు నడిపేది సెలామి."

నెజాత్ ముఖం మాడ్చుకున్నాడు. సెలామి అతనికి తోడల్లుడు. మూడేళ్ళ కిందట పండగ రోజున పాచికల దగ్గర తగువు పడ్డారు. అప్పటినుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో నవ్వుకుంటూ టీ తాగుతుంటే, మొగుళ్ళిద్దరూ హాల్లో చెరో గోడా చూస్తూ కూర్చుంటారు.

శనివారం పొద్దున నెజాత్ అతికించుకున్న మీసంతో, టూర్ ఏజెంట్ వేషంలో సఫ్రన్‌బోలు బజారు వీధిలో కాఫీ తాగుతున్నాడు. ఎదురుగా వచ్చి కూర్చుంది బెల్కిస్. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. నదీజలాల ఒప్పందాన్ని చెడగొట్టాలని చూసే డోర్న్ ముఠాలో పనిచేస్తుంది, ఆ ముఠా కబుర్లు నెజాత్ ఆఫీసుకీ చేరవేస్తుంది. అసలు ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని ఆఫీసులో అందరికీ అనుమానమే.

"ఫౌంటెన్ సందంతా కనిపించే ఇల్లొకటి ఉంది, చూపిస్తాను రండి," అందామె.

వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసు ఆమె ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు ముందు ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు.

ఇల్లు పాతకాలపు చెక్క మేడ. పై అంతస్తు గదిలో అడుగు పెట్టగానే వెనక తలుపు గడియ పడింది. ఎదురుగా డోర్న్, చేతిలో పిస్టల్. పన్నెండేళ్ళుగా టర్కీలో తివాచీలు అమ్ముతున్నాడు. మాట వింటే పరాయి దేశం వాడని ఎవరూ అనుకోరు.

"కూర్చోండి, నెజాత్ బే. మీసం ఊడుతోంది."

టై పిన్నులోని ట్రాన్స్‌మిటర్‌ని డోర్న్ బూటు కింద నలిపేశాడు. కెమెరా దాచిన లైటర్ పొయ్యిలో పడింది. మత్తు గ్యాసు చిమ్మే పెన్నుని మాత్రం బెల్కిస్ అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని తన సంచీలో వేసుకుంది.

"సంగతి చెబుతాను," అన్నాడు డోర్న్. "కింద ఫౌంటెన్ అరుగులో బాంబు ఉంది. పాత ప్లాన్లో కార్లు అక్కడ ఆగకుండా పోతాయి. మీరు అక్కడ ఆగేలా మార్చి చదవాలి."

"చదవను."

"అప్పుడు మిమ్మల్ని కాల్చేస్తాను. ఫోన్ రాదు. మీ రూలు ప్రకారం పాత ప్లానే ఖాయం. పోతున్న కార్ల మీదే బటన్ నొక్కుతాను. గురి తప్పొచ్చు. పక్కనే శనివారం సంత. ఎంతమంది పోతారో నాకూ తెలీదు. ఆగితే ఒక్క కారుతో సరిపోతుంది."

"ముందు కారా?"

"ముందు కారే. మంత్రి అందులోనే ఉంటాడు."

సెలామి నడిపే కారు.

"ప్రమాదం ఉందని చెప్పే మీ కోడ్ మాట కూడా నాకు తెలుసు. డైరీలో ఉంది," అని డోర్న్ కాగితం ముందుకు తోశాడు. "అది నోట్లోంచి వస్తే చివరి మాట అదే అవుతుంది."

కిటికీకి చెక్క జాలీ. తలుపు బయట ఇద్దరు మనుషులు. టైము పదిన్నర. ఎటు తిరిగినా చావే, అదీ తన ఒక్కడిది కాదు. ఇంత దిక్కుమాలిన స్థితిలో నెజాత్ ఎప్పుడూ పడలేదు. రాయడం మొదలుపెట్టాడు. ఆరో లైనులో ఫౌంటెన్ దగ్గర కారు ఆగడం రాశాడు. ఏడో లైను దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇలా రాశాడు: "కారు రాగానే, మన ఆచారం ప్రకారం, పొరుగింటి పెద్దావిడ చెంబుడు నీళ్ళు కారు ముందు పోస్తుంది."

అది పచ్చి అబద్ధం. టర్కీలో నీళ్ళు పోసేది ప్రయాణమై వెళ్ళేవాళ్ళ వెనకాల, నీళ్ళలా సాఫీగా వెళ్ళి నీళ్ళలా తిరిగి రమ్మని. గడపలోకి వచ్చే అతిథి ముందు ఎవరూ పొయ్యరు. పోస్తే వచ్చినదారే పొమ్మన్నట్టు.

డోర్న్ చదివాడు. కార్లకి ఆడవాళ్ళు నీళ్ళు పొయ్యడం అతను వందసార్లు చూసినవాడే. ముందో వెనకో పట్టించుకోలేదు. "మీ వాళ్ళ నీళ్ళ పిచ్చి నాకు తెలుసులే," అని నవ్వి, కాగితం బెల్కిస్‌కి ఇచ్చాడు. "నువ్వు ఈ ఊరి పిల్లవి. తప్పులున్నాయేమో చూడు."

ఇది ఎవరి కంట పడకూడదో ఆమె కంటనే పడింది.

ఆమె వేలు ఒక్కో లైను మీదా నడిచింది. ఏడో లైను మీద ఆగింది. తలెత్తి నెజాత్ వంక చూసింది.

"ఒక తప్పుంది," అంది.

డోర్న్ పిస్టల్ పైకి లేచింది.

"తీపి ముందు, కాఫీ తర్వాత అని రాశాడు. రెండూ ఒకే పళ్ళెంలో రావాలి. మగాళ్ళకి ఇవేం తెలుస్తాయి!" ఆమె దిద్ది కాగితం తిరిగి ఇచ్చేసింది.

పదకొండింటికి నెజాత్ ఫోన్లో చదివాడు. ఏడో లైను దగ్గర అవతల పెన్ను గీకే చప్పుడు ఆగింది.

"చెంబు రాగిదా, ఇత్తడిదా?" అన్నాడు ముజఫ్ఫర్ బే.

"రాగిదే."

"సరే. రాసుకున్నాను." ఫోన్ పెట్టేశాడు.

రాసుకున్నాడట! ఈ ముసలాయనకి ఏమీ అర్థం కాలేదు. నెజాత్‌కి ఏడుపొక్కటే తక్కువ.

పన్నెండూ పదికి మూడు నల్లకార్లు రాళ్ళ సందులోకి దిగాయి. జాలీలోంచి చూశాడు. ముందు కారు స్టీరింగ్ దగ్గర సెలామి బట్టతల. ఇక అంతా అయిపోయింది. అరవడానికి నోరు తెరిచేసరికి డోర్న్ పిస్టల్ గొంతుకి ఆనింది.

పొరుగింటి తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ రాగి చెంబుతో వచ్చి కారు ముందు నీళ్ళు గుమ్మరించింది. కారు ఆగింది. డోర్న్ బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు.

"బ్యాటరీలు ఇక్కడున్నాయి," అంది బెల్కిస్ గుప్పిట విప్పి. రెండో చేతిలోని పెన్ను అప్పటికే డోర్న్ ముక్కు దగ్గరుంది. "పన్నెండేళ్ళు మా మధ్య ఉన్నావు. నీళ్ళు ఎవరికి పోస్తామో తెలుసుకోలేదా?"

కింద కార్ల తలుపులు తెరుచుకున్నాయి. దిగినవాళ్ళలో మంత్రి లేడు, అందరూ కమాండోలే. డోర్న్ నేల మీద ఒరిగేలోపే మెట్ల మీద బూట్ల చప్పుడు, తలుపు బయట మనుషుల కేకలు.

"ఇప్పటికి తేల్చుకున్నారా, ఎవరి మనిషో?" అన్నాడు నెజాత్ గోడకి జారగిలబడి.

"మా ఊరి మనిషిని," అందామె. "ఆ సంతలో మా అమ్మ కుంకుమపువ్వు అమ్ముతోంది."

అందరికంటే చివర రొప్పుకుంటూ సెలామి వచ్చాడు. నెజాత్ లేచి నిలబడ్డాడు. మూడేళ్ళ తర్వాత మొదటి మాట అతనిదే అయింది.

"నీకు చెప్పలేదా, బాంబుందని?" అన్నాడు నెజాత్.

"చెప్పారు. ఏడో లైను తప్పని చీఫ్ వెంటనే పట్టేశాడు, కారు ఆగే చోటే బాంబుంటుందన్నాడు. ఆ కారు ఎవరు నడుపుతారని ముజఫ్ఫర్ బే అడిగాడు. నేనే చెయ్యెత్తాను."

నెజాత్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. కళ్ళు తిరిగిపోయేంత ప్రేమ వచ్చింది. "ఎందుకురా? నాకోసమా?"

"నీ మొహం!" అన్నాడు సెలామి విడిపించుకుంటూ. "నువ్వు పోతే మీ ఆవిడ ఏడుస్తుంది. అది చూసి మా ఆవిడ నన్ను బతికున్నన్నాళ్ళూ సాధిస్తుంది. ఆలోచిస్తే, అన్నా, బాంబే నయమనిపించింది."