తలుపు మీది నంబరు

“రెండుతో మొదలుపెట్టి దీన్ని వరసగా హెచ్చవేసుకుంటూ పోండి,” అంటూ లెక్కల మాస్టారు బోర్డు మీద 142857 అని రాశారు.

ఐదో తరగతిలో గడుగ్గాయి అంటే తెలియనివాళ్లు లేరు. చకచకా వేసేసింది. రెండుతో వేస్తే 285714. మూడుతో 428571. ఆరు దాకా వచ్చేసరికి పిల్లకు ఒళ్లు జలదరించింది. ఎంతతో వేసినా అవే ఆరు అంకెలు! చోట్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అంతలో బెల్లు కొట్టారు. ఏడుతో వేయకుండానే పుస్తకం మూసేసింది.

సాయంత్రం మబ్బు పట్టి ఇల్లంతా మసకగా ఉంది. అమ్మ ముందు గదిలో మిషను మీద కర్టెన్లు కుడుతోంది. ఒకటో తరగతి చదివే తమ్ముడు బుడ్డోడు రంగు పెన్సిళ్ల కోసం అక్క గదిలోకి దూరాడు. గడుగ్గాయికి చిర్రెత్తుకొచ్చింది. వాణ్ణి బయటికి నెట్టి, సుద్దముక్కతో తలుపు మీద 142857 అని రాసింది.

“ఒరేయ్, ఈ నంబరుకు ప్రాణం ఉందిరా. ఏం చేసినా చావదు. చోట్లు మార్చుకుని మళ్లీ వస్తుంది. నా గదిలోకొచ్చే చిన్నపిల్లల వెంటపడుతుంది, తెలుసా?”

వాడి ముఖం పాలిపోయింది. ఆమె సుద్దముక్క గుమ్మం దగ్గరే పారేసి, ధడాలున తలుపు వేసుకుంది. పీడా వదిలిందనుకుంది.

కాసేపటికి దాహమేసి బయటికొచ్చింది. ఎదుటి గోడ మీద, బాగా కిందుగా, వంకరటింకరగా 428571.

తను రాయలేదే! అది మూడుతో వేసిన జవాబు. జవాబున్న పుస్తకం గదిలో బ్యాగులోనే ఉంది. వంటింటి తలుపు మీద 285714. అది రెండుతో వేసింది! అమ్మకు ఈ లెక్క సంగతే తెలియదు. బుడ్డోడికి ఎక్కాలే రావు.

“అమ్మా, బుడ్డోడేడీ?”

“నీ దగ్గరే ఉన్నాడనుకున్నానే!”

“ఒరేయ్ బుడ్డోడా!” పిలుస్తూ పరిగెత్తింది. నడవా గోడ మీద ఇంకో నంబరు, దాని తర్వాత ఇంకోటి. అన్నింటికన్నా చివరిది బట్టల బీరువా మీద. గడుగ్గాయి బీరువా తలుపు లాగింది.

బట్టల కింద తమ్ముడు ముడుచుకుని కూర్చున్నాడు. వేళ్లనిండా సుద్ద. తలుపు లోపలివైపు 142857.

“ముందున్నోడు వెనక్కెళ్తే లైను కదులుతుంది కదక్కా,” అన్నాడు వెక్కుతూ. “ప్రతిసారీ ముందంకె తీసి చివర పెట్టా. అలా కదిలి కదిలి వెళ్లిపోతుందనుకున్నా. మళ్లీ మొదటిదే వచ్చింది!”

గడుగ్గాయికి ఏడుపు ఆగలేదు. “వెంటపడుతుందని అబద్ధం చెప్పానురా. తప్పు నాదే.”

“మరి మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది?”

అది ఆమెకూ తెలియదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున వదిలేసిన ఏడుతో హెచ్చవేసింది. 999999.

“అన్నీ తొమ్మిదులే! వెళ్లిపోయిందా అక్కా?”

ఎనిమిదితో వేసింది. 1142856. పాత అంకెలు మళ్లీ వచ్చాయి గానీ, వాటిలో ఒక అంకె కనబడలేదు.

“ఏడు ఏదక్కా?” బుడ్డోడు గుసగుసగా అడిగాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి చీకటి బీరువాలోకి చూశారు. ఇప్పుడు ఒక్క మాటతో వాణ్ణి మళ్లీ హడలగొట్టవచ్చు. ఆమెకే భయంగా ఉంది. కాగితం వైపు మరోసారి చూసింది.

“మొదటి ఒకటీ, చివరి ఆరూ కలుపు.”

వాడు వేళ్లు మడిచాడు. “ఏడు!”

“రెండు ముక్కలై అటొకటి ఇటొకటి దాక్కుంది. మనల్ని చూసి భయపడినట్టుంది, పాపం.”

వాడు కిసుక్కున నవ్వాడు.

గడుగ్గాయి తడిబట్ట తెచ్చి తన గది తలుపు మీది నంబరు తుడిచేసింది. తలుపు బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా స్కూలు బ్యాగు అడ్డం పెట్టింది.