సగం దిగిన మేకు

పడకగది చెక్కగోడలో మేకు సగం దిగి ఆగిపోయి ఆ రోజుకి పదిహేను రోజులు.

కొట్టినవాడు చేతకానివాడైతే ఎవరూ పట్టించుకోకపోదురు. కొట్టింది బోవెయ్. మా రేవు ఊరు లుగాంగ్ పాత బజారులో గుడికి పూజబల్ల కావాలన్నా, కిటికీకి అల్లిక చట్రం కావాలన్నా అతని గడపే తొక్కుతారు. అలాంటివాడు సొంత ఇంట్లో, సొంత పెళ్లాం అడిగిన గోడ అలమర కోసం, మూడు దెబ్బలు కొట్టి సుత్తి కింద పెట్టేశాడు. మళ్లీ పట్టుకోలేదు.

ఆ ఉదయం అతని పెళ్లాం రూయిన్ పనికి వెళ్లబోతూ మేకుకు వేలాడుతున్న సంచీ తీసుకుంది.

"దీన్ని లోపలికైనా కొట్టు, బయటికైనా పీకు. నిన్న రాత్రి మోచెయ్యి గీరుకుంది."

"గోడ చెమ్మగా ఉంది. ఆరనీ."

"నిన్నేమో సుత్తి షెడ్డులో ఉందన్నావు. మొన్నేమో గాలి ఎక్కువగా ఉందన్నావు. నువ్వు వడ్రంగివా, వాతావరణ కేంద్రానివా?"

బోవెయ్ నవ్వలేదు. వంటింట్లోంచి అరచేతి వెడల్పు గుడ్డముక్క తెచ్చి, మేకు తలకు చుట్టి దారం కట్టాడు. ఇక గీరుకోదులే అన్నాడు. రూయిన్‌కి ఒళ్లు మండిపోయింది. ఒక్క దెబ్బతో పోయేదానికి కట్టుకట్టే మొగుణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు.

వాళ్లిద్దరి పరిచయం కూడా ఇలాంటి గొడవతోనే మొదలైంది. రూయిన్ లాంతర్ల దుకాణంలో గుడ్డ మీద బొమ్మలు వేస్తుంది. మూడేళ్ల కింద బోవెయ్ ఒక లాంతరు వెనక్కి పట్టుకొచ్చి, చేప బొమ్మ వేయమంటే పిల్లిని వేశారేమిటని అడిగాడు. అది చేపేనని ఆమె, దీనికి మీసాలున్నాయని అతను. గండుచేపకి మీసాలుంటాయని ఆమె అతన్ని చేపల బజారుకి లాక్కెళ్లి మరీ చూపించింది. అతను చేపను చూడలేదు. వాదిస్తున్నప్పుడు ఆమె చెంప మీద ఎండిపోయిన ఎర్రరంగు చుక్కనే చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత ఏడాదిలో పద్నాలుగు లాంతర్లు కొన్నాడు. ఉన్నది ఒక్కటే గుమ్మం.

ఇప్పుడు ఆ మనిషి పొద్దున్నే వెళ్లిపోతున్నాడు. ఇంటి ముందుగదే అతని పనిచోటు. తాతల నాటి నుంచి సుత్తి చప్పుడు ఆగని గది. పదిహేను రోజులుగా అది మూసి ఉంది. పెద్ద పని పడింది, చోటు చాలడం లేదని చెప్పి చెక్కలన్నీ రేవు దగ్గరున్న గురువుగారి షెడ్డుకి తోలుకుపోయాడు.

రూయిన్‌కి కోపం కంటే దిగులెక్కువ. ఇంటికి మేకు కొట్టడానికి చెయ్యి రాని మగాడికి ఆ ఇంటి మీద మనసు లేనట్టే కదా అనుకుంది. ఆ మాట పైకి అనడానికి వీల్లేదు. ఎందుకంటే ఆమె దగ్గర కూడా ఒక దాపరికం ఉంది.

ఆమెకిప్పుడు ఏడో వారం దాటింది.

పోయిన ఏడు చలిగాలుల్లో మొదటిసారి పరీక్ష పుల్ల మీద రెండు గీతలు వచ్చినప్పుడు తడి చేతులతోనే పరుగెత్తుకెళ్లి బోవెయ్‌కి చూపించింది. మూడు నెలలు నిండేదాకా గడప దాటకూడని మాట అది. సాయంత్రానికి బజారు సగానికి తెలిసిపోయింది. సంతోషం ఆపుకోలేక సుత్తి పట్టుకున్నవాడికీ పీచుమిఠాయి అమ్మేవాడికీ అతనే చెప్పాడు. ఎనిమిదో వారంలో అంతా అయిపోయింది. ఆ తరువాత నెలరోజులు కనబడ్డ ప్రతివాళ్లకీ ఆమే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అతను మాత్రం ఆ రోజు నుంచి నోట్లో మాట ఉంచుకునే మనిషైపోయాడు.

అందుకే ఈసారి గుండె చప్పుడు వినేదాకా మొగుడికి కూడా చెప్పకూడదనుకుంది. ఆ ముఖం ఇంకోసారి వాడిపోవడం చూసే ధైర్యం ఆమెకు లేదు.

చెప్పకుండా ఉండడం అంత తేలికేమీ కాదు. వేవిళ్లు పొద్దున్నే వస్తాయని ఎవరు చెప్పారో గాని ఆమెకు సాయంత్రం నాలుగింటికి వస్తున్నాయి. ప్రాణంలా ఇష్టపడే కర్పూరపు చెక్క వాసన ముక్కుకి తగిలితే చాలు, కడుపులోంచి అల లేస్తోంది. నోట్లో రాగి చెంబు నాకినట్టు రుచి. గంటకోసారి దొడ్లోకి పరుగు. రవిక తగిలితే నొప్పి. కుంచె చేతిలో ఉండగానే నిద్ర ముంచుకొచ్చి ఒక నెమలికి మూడు కళ్లు వేసింది. దుకాణంలో తోడు పనిచేసే లీ అక్క ఆ నెమలిని చూసి, రాత్రుళ్లు మీ ఆయన నిద్రపోనివ్వడం లేదా అని ఎగతాళి చేసింది. మేకు సంగతి రూయిన్ నోరు జారితే, వడ్రంగి పెళ్లానివై ఉండి ఇంట్లో ఒక్క మేకు దిగలేదా అని కూడా అంది.

మేకు ఎందుకు ఆగిందో రూయిన్‌కి తట్టకపోలేదు. లుగాంగ్‌లో పుట్టినవాళ్లకి అది తట్టకుండా ఎలా ఉంటుంది? కడుపుతో ఉన్నావిడ ఇంట్లో గర్భదేవుడు రోజుకో చోట మకాం వేస్తాడు. ఇవాళ తలుపు, రేపు పొయ్యి, ఎల్లుండి మంచం. ఆయన ఉన్నచోట మేకు దిగితే ఆ దెబ్బ లోపలి బిడ్డకు తగులుతుందంటారు. కాని బోవెయ్‌కి తెలిస్తే కదా? తెలిసీ నోరు మూసుకుని ఉండగల మనిషా అతను? పీచుమిఠాయివాణ్ణి తలుచుకుని ఆమె ఆ ఆలోచనను తుడిచేసింది.

ఆ మధ్యాహ్నం దుకాణం దొడ్లో ఆమెకు బట్ట మీద మరక కనబడింది. చిన్నది. గోధుమరంగుది. చిల్లర నాణెమంత కూడా లేదు.

 తలనొప్పిగా ఉందని లీ అక్కతో చెప్పి, రెండు వీధుల దూరం గాజుబొమ్మను మోసుకెళ్తున్నట్టు తనను తాను మోసుకుంటూ ఇంటికొచ్చింది. ఆసుపత్రికి ఆరోగ్య కార్డు కావాలి. కార్డులు బోవెయ్ తన పనిముట్ల పెట్టె పై అరలో పెడతాడు. మూసిన ముందుగది తలుపు తీసి, ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని అర లాగింది.

కార్డుల కింద పంచాంగం ఉంది. ఈ ఏటిది.

తెరిచిన పేజీలో, రోజు కింద గర్భదేవుడి చోటు చెప్పే వరుస పక్కన వడ్రంగి పెన్సిలుతో లావుపాటి టిక్కు ఉంది. ముందు రోజుకీ ఉంది. ఆ ముందు రోజుకీ. ఆమె వేలితో లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లింది. పదిహేను టిక్కులు. మొదటిది మేకు కొట్టిన ఆదివారం మీద. ఆ రోజు మూడో దెబ్బకి చెక్కపొడి వాసన లేచి, ఆమె నోరు నొక్కుకుని దొడ్లోకి పరుగెత్తింది.

ఆమె అర ఇంకా లోపలికి తడిమింది.

అడుగున ఇంకొక పంచాంగం ఉంది. పోయిన ఏటిది. అందులో ఒక్కటే గుర్తు. చలిగాలుల నెలలో ఒక రోజు చుట్టూ గీసిన గుండ్రం. ఎన్నిసార్లు గీశాడో, కాగితం చిరిగింది. ఆ వరుసలో ఉన్న మాటలు మంచం, గది. ఆ రోజు రూయిన్‌కీ గుర్తుంది. కిటికీ పరదాకి కడ్డీ బిగించమని ఆమే అడిగింది. అతను మంచం పక్క గోడకి రెండు మేకులు కొట్టాడు. నాలుగో రోజున రక్తం కనబడింది.

ఏడాదిగా ఆ రెండు మేకులనూ ఈ మనిషి ఒంటరిగా మోస్తున్నాడన్నమాట.

ఆమె ఫోన్ చేసి ఒకటే చెప్పింది. ఇంటికి రా, బండి మెల్లగా తోలు అని. అతను ఎందుకని అడగలేదు. వచ్చేసరికి జుట్టు నిండా చెక్కపొట్టు ఉంది. పెట్టె అర తెరిచి ఉండడం చూశాడు. ఆమె చేతిలో పంచాంగం, ఆరోగ్య కార్డు చూశాడు. ఎడమ చెవి మీద పెన్సిలు అలాగే ఉండిపోయింది.

"ఎప్పటి నుంచి తెలుసు?" అంది.

"దొడ్లోంచి వచ్చి కర్పూరపు చెక్క తలుపు అవతల పెట్టమన్నావు చూడు, ఆ ఆదివారం నుంచి."

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదు కదా. చెప్పకూడదనుకున్నావని అర్థమైంది. పోయినసారి నా నోరే..." అని ఆగి, "మరకా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

స్కూటరు మీద ఆసుపత్రి ఆరు నిమిషాల దారి. ఆ రోజు పాతిక నిమిషాలు పట్టింది. సముద్రం మీది నుంచి గాలి ఇసుక ఎత్తి కొడుతోంది. అతను ప్రతి గుంతకీ ముందు కాళ్లు నేలకి ఆనించి బండిని నడిపించాడు. వెనకాల పీతలబండి ముసలాయన హారన్ మోగించి మోగించి, చివరికి పక్కనుంచి దాటిపోతూ నడిచివెళ్లినా ఈపాటికి చేరేవారు కదరా అని దెప్పిపోయాడు.

రూయిన్ అతని వీపుకి చెంప ఆనించింది. గాలికి మాట పోకుండా చెవి దగ్గరే అంది. "పరదా కడ్డీ బిగించమన్నది నేను."

అతను బండిని ఇంకో గుంత దాటించాడు.

"నీ లెక్క ప్రకారమైతే తప్పు నాది కూడా."

"నీకేం సంబంధం? సుత్తి పట్టుకుంది నేను."

"నాకు సంబంధం లేకపోతే నీకూ లేదు. ఉంటే ఇద్దరికీ ఉంది. ఒక్కడివే మోసుకుపోతానంటే ఊరుకోను."

బండి కాసేపు వంకరటింకరగా పోయింది. ఇసుక కళ్లలో పడిందని చెప్పాడు. ఇద్దరికీ పడిందిలే అంది ఆమె.

గువో డాక్టరమ్మ లుగాంగ్ మనిషే. బజారులో సగం మంది ఆమె చేతుల్లోకే పుట్టారు. తెర మీద నలుపూ తెలుపూ మసకలో ఆవిడ ఏదో వెతుకుతోంది. బోవెయ్ మంచం కాళ్ల దగ్గర నిలబడి, అలవాటుకొద్దీ ఆ కాలు కదులుతోందా అని చేత్తో నొక్కి చూశాడు.

"అదిగో," అంది డాక్టరమ్మ.

చిక్కుడు గింజంత మసక. దాని నడుమ ఒక వెలుగు మిణుకు మిణుకుమంటోంది. ఆవిడ ఏదో మీట నొక్కింది. గదంతా చప్పుడు నిండింది. గబగబా, ఆపకుండా, ఎవరో పసివాడు చిన్న సుత్తితో తొందరతొందరగా పని చేసుకుంటున్నట్టు.

బోవెయ్ గోడకి ఆనుకున్నాడు. 

మొదటి వారాల్లో ఇలాంటి మరక చాలామందికి కనబడుతుందని డాక్టరమ్మ చెప్పింది. కనబడగానే పరుగెత్తుకు రావడం మంచి పని చేశారంది. ఎర్రగా, ఎక్కువగా అయినా, కడుపు మెలిపెట్టినా ఏ వేళైనా సరే వెంటనే రమ్మంది. ఫోలిక్ మాత్ర మానొద్దు. వాసన పడని తిండి బలవంతంగా తినొద్దు, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిను. నిద్ర వస్తే పడుకో, సిగ్గుపడొద్దు.

బోవెయ్ తలుపు దగ్గర ఆగిపోయాడు. అడగనా వద్దా అని మూడుసార్లు తల గోక్కున్నాడు. చివరికి పోయినసారి సంగతి అడిగాడు. రెండు మేకుల సంగతి.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"మొదటి నెలల్లో పోయినవాటిలో చాలావరకు ఆదిలోనే సరిగా కట్టుకోనివి బాబూ. నీ సుత్తి వల్ల కాదు, ఈ అమ్మాయి బరువెత్తడం వల్ల కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. ఎవరి తప్పూ కాదు." మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంటూ గొంతు తగ్గించింది. "మా వాడు కడుపులో ఉన్నప్పుడు మా ఇంట్లో గోడగడియారం తొమ్మిది నెలలూ నేల మీదే కూచుంది. చదువు చదువే, అత్తగారు అత్తగారే."

దారిలో ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఇంటికి రాగానే రూయిన్ సుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది. డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా, ఇప్పుడు కొట్టు అంది.

అతను సుత్తిని అటూ ఇటూ తిప్పాడు. మేకుకు కట్టిన గుడ్డను చూశాడు. సుత్తి తీసుకెళ్లి పెట్టెలో పెట్టేసి వచ్చాడు.

"నా తప్పు కాదని నమ్మాను. మనసారా నమ్మాను. కాని కొట్టను. భయంతో కాదు. నీకోసం నేను చేయగలిగింది ఈ నెలల్లో ఇంకేం ఉంది చెప్పు? వాంతులు నువ్వే చేసుకోవాలి. నిద్ర నువ్వే పోవాలి. ఊరికే ఉండడం ఒక్కటే నా వంతు. అది కూడా లాక్కోకు."

 రూయిన్ అతని చెవి మీది పెన్సిలు తీసి చేతికిచ్చింది. పంచాంగంలో ఆ రోజుకి టిక్కు ఇంకా పెట్టలేదు.

ఆదివారం బోవెయ్ అమ్మ వచ్చింది. వెనక వీధిలో ఆవిడ చేత్తో లాగి సన్న సేమ్యాలు చేస్తుంది, కొడుక్కి వారానికో కట్ట తెస్తుంది. కట్ట బల్ల మీద పెట్టి, గాలి కోసం పడకగది కిటికీ తీయబోయి ఆగింది. గోడలో సగం దిగిన మేకు. దానికి ఒక చిన్న లాంతరు. లాంతరు మీద కొత్తగా వేసిన గండుచేప, ఈసారి కావాలనే పిల్లి మీసాలతో.

ఆవిడ మేకును చూసింది. కొడుకును చూసింది. కొడుకు కప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు. కోడలి చేతిలో ఐసు ముక్కలు వేసిన టీ గ్లాసు ఉంది, ఆ ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లని తాగనివ్వనిది.

ఆవిడ ఆ గ్లాసు మెల్లగా అందుకుని సింకులో వంపేసి, గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ కోడలి చేతిలో పెట్టింది. గ్లాసు వదిలినాక కూడా ఆ చేతిని కాసేపు వదల్లేదు.

మూడు నెలలు నిండడానికి ఇంకా నెల పైనే ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"మేకు అంతే ఉంచండి," అంది ఆవిడ వెళ్తూ గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ. "లాంతరుకి సరిగ్గా సరిపోయింది."