గుమ్మటం కింద పిలుపు

సాండస్కీ ఊళ్లో, సరస్సు పక్క వీధి చివరి ఇంట్లో... చీకటి పడ్డాక భోజనాల గదిలోకి ఎవరూ అడుగుపెట్టరు. కప్పు మధ్యలో నీలం రంగు గుమ్మటం ఒకటి, ఓ పక్క పగిలి, బోర్లించిన గిన్నెలా వేలాడుతుంటుంది. దాని కింద నిలబడితే పైన ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంటుందని ఊళ్లో మాట.

ఆ గుమ్మటం అమర్చడానికే రాయిస్ అనే కంట్రాక్టరు అటకను మోసే దూలాలు మూడింటిని నడిమికి కోయించాడు. అలా కోస్తే కప్పు కూలకుండా కొసలకి అడ్డంగా జంట దూలం వెయ్యాలి, పక్క దూలాలకి బలానికి మరో దూలం జోడుగా బిగించాలి. అవేవీ వెయ్యలేదు. పైన పనిచేస్తున్న వడ్రంగి ఎమిల్ కప్పుతో సహా కిందికొచ్చాడు. మళ్లీ లేవలేదు.

"తాగి పనిలోకొచ్చాడండీ. జోడు వెయ్యరా అంటే విన్లేదు," అన్నాడు రాయిస్ విచారణలో.

శవం చొక్కా నిండా విస్కీ వాసన. ఊరు నమ్మేసింది. ఎమిల్ భార్య ఇర్మా నమ్మలేదు — ఆయన చుక్క ముట్టని మనిషి.

ఆ ఇల్లు కొనడానికి ఎవరూ రాలేదు. చివరికి ఇర్మాయే కొంది. మంచు కురుస్తున్న ఓ సాయంత్రం, గుమ్మటం బాగుచెయ్యాలి రమ్మని రాయిస్‌కి కబురు పెట్టింది.

నవ్వుతూ వచ్చాడు.

"నీ మొగుడు పైనే తిరుగుతున్నాడటగా! ఉండమ్మా, ఓసారి పలకరించొస్తా," అంటూ నిచ్చెనెక్కి అటకలో దూరాడు.

ఇర్మా చప్పుడు కాకుండా నిచ్చెన లాగేసింది. దీపాలార్పేసింది. ఆమె ముందే పిలిపించి ఉంచిన పోలీసు డ్వైట్ వంటింట్లోంచి మెల్లగా వచ్చి నిలబడ్డాడు. ఇదంతా నాకు చెప్పింది ఆయనే.

ఇర్మా గుమ్మటం కిందికెళ్లి, తల పైకెత్తి, గుసగుసగా —

"రాయిస్..."

గుమ్మటం ఆ పిలుపుని పట్టుకుని అటకంతా తిప్పింది. పైన అడుగులు ఆగిపోయాయి.

"ఎవరది?... ఎమిల్?"

కింద ఎవరూ పలకలేదు.

"అవున్రా... జోడు వద్దన్నది నేనే. పని తొందరగా తేలిపోవాలని! నువ్వు నాతో గొడవపడ్డావు, నిజమే..."

పైన అడుగులు వెనక్కి వెనక్కి జరిగాయి.

"విస్కీ సీసానా? అదీ... నువ్వు పోయాక నేనే పోశాన్రా నీ మీద! ఒరేయ్, ఒరేయ్... చెయ్యి వదలరా!"

డ్వైట్ నిచ్చెన కోసం తడుముకున్నాడు. ఇర్మా అడ్డం నిలబడింది.

"ఇంకాసేపు అరవనివ్వండి."

ఎట్టకేలకు రాయిస్‌ని కిందికి దించారు. డ్వైట్ బేడీలేసి కారెక్కించాడు. సగం దారి గడిచాక రాయిస్ ముందుకి వంగి అడిగాడు —

"సార్... సీసా సంగతి ఆవిడకెవరు చెప్పారు? పైన చెవి దగ్గర అదే పనిగా అడిగింది..."

"ఆవిడ నీ పేరు పిలిచింది. ఒక్కసారే," అన్నాడు డ్వైట్. "సీసా మాట మేం నీ నోటే విన్నాం."