ఆమెది పసుపు పేపరు

మధ్యాహ్నం పేపరుకి ఇంకా గంటన్నర ఉంది. నాకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. పరీక్ష కేంద్రం వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. పొద్దున లెక్కల పేపరు బాగానే రాశాను. బాగా రాసిన రోజే నాకు భయం ఎక్కువ.

"మా లెక్కల పులి ఇక్కడున్నాడు! జవాబులు కావలసినవాళ్లు రావచ్చహో!" అని నా స్నేహితుడు పొట్టోడు దండోరా వేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

వచ్చింది ఒక్క అమ్మాయే. చేతిలో ప్రశ్నపత్రం గొట్టంలా చుట్టి ఉంది. నుదుటి మీద పెన్ను గీత ఒకటి, ఆమెకి తెలియకుండానే పడినట్టుంది.

"పులంటే మీరేనా?"

"వాడలా అంటాడు గానీ..."

"గానీలు తర్వాత. మొదటిదానికి ఏం పెట్టారు?"

"బి."

"నేను డి. రెండోది?"

"ఏ."

"నేను సి."

పెదవి కొరుక్కుంది. నేను ఆ పెదవినే చూస్తున్నాను గనక మూడోది చెప్పడం కాస్త ఆలస్యమైంది. మూడూ కలవలేదు, నాలుగూ కలవలేదు. అనుమానం వచ్చి ఆమె పేపరు వైపు చూశాను. పసుపు అట్ట. నాది గులాబీ.

అప్పుడు అర్థమైంది. పక్కవాళ్లది చూసి రాయకుండా ప్రశ్నల వరస మార్చి నాలుగు సెట్లు వేస్తారు, ఒక్కో సెట్టుకీ ఒక్కో రంగు. పొద్దున హాల్లో చెప్పారు కూడా. కంగారులో ఆమెకి గుర్తు లేదు. ఆమె మొదటి ప్రశ్న నా పేపర్లో ఎక్కడుందో ఎవరికి తెలుసు!

ఆ క్షణమే చెప్పాల్సింది. చెబితే "ఓహో" అని వెళ్లిపోతుంది. ఇంకో రెండు ప్రశ్నలయ్యాక చెబుదామనుకున్నాను. ప్రతి జవాబుకీ తలెత్తి నా కళ్లలోకి చూస్తోంది మరి. రెండు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. నా బుద్ధి గడ్డి తింది.

పదిహేనోదాని దగ్గర ఆమె ఆగిపోయింది. "పదిహేనింటిలో ఒక్కటి కలిసింది."

"అసలు సంగతేంటంటే..."

"వద్దులెండి, ఓదార్చకండి. పోయినేడు కూడా లెక్కల్లోనే పోయింది. ఈసారీ పోతే ఇక రాయనని మా నాన్నకి నేనే మాటిచ్చాను. ఇంక రెండో పేపరు రాసి ఏం లాభం?"

గిరుక్కున తిరిగింది. నేను గొంతు సవరించుకునేలోగా జనంలో కలిసిపోయింది.

పొట్టోడికి జరిగింది చెప్పాను. వాడు నా వీపు మీద ఒక్కటిచ్చాడు. "నిలబడతావేంట్రా? ఆ పిల్ల ఏడాది పోతుంది. పరిగెత్తు!"

క్యాంటీన్లో లేదు. కుళాయిల దగ్గర లేదు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి, అందరూ తల మీద పేపర్లు పెట్టుకున్నారు. పసుపు పేపరు కనబడ్డ ప్రతిచోటా ఆగి మొహం చూశాను. ఒకావిడ జాలిపడి "ఏం బాబూ, ఏదైనా పోగొట్టుకున్నావా?" అంది.

"ఇంకా లేదండీ" అన్నాను.

గేటు బయట, స్కూటర్ పక్కన కనబడింది. వాళ్ల నాన్నగారు దర్జీ అనుకుంటాను. మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది, ఆమె ఫోన్ చేస్తే కొట్టు మూసి నేరుగా వచ్చినట్టున్నారు. కిక్ మీద కిక్ కొడుతున్నారు. ఆ స్కూటర్ మొరాయించింది కాబట్టి బతికిపోయాను.

"ఆగండి! మీ జవాబులు తప్పు కాదు. మీది పసుపు, నాది గులాబీ. సెట్లే వేరు!"

ఆమె నా పేపరు లాక్కుని, తనదీ నాదీ సీటు మీద పరిచింది. తన మొదటి ప్రశ్న నా పేపర్లో ఇరవై రెండోది. నాకు జవాబు నలభై ఎనిమిది వచ్చింది, తనకీ అంతే. రెండోది కలిసింది. మూడు, నాలుగు, ఐదు కలిశాయి. ఆరోది కలవలేదు గానీ ఏడోది కలిసింది. వాన పడుతున్నా లెక్కచెయ్యలేదు.

అప్పుడు తలెత్తింది. "ఇది మీకు ఇప్పుడే తట్టిందా?"

అవునంటే చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది.

"లేదు. నాలుగో ప్రశ్న దగ్గరే తెలిసింది."

"మరి పదిహేను దాకా?"

"చెబితే వెళ్లిపోతారని."

నాన్నగారు కిక్ కొట్టడం ఆపేశారు.

"నీకసలు బుద్ధుందా? అక్కడ నా ప్రాణం పోతుంటే నిలబడి చూశావా?" అందామె.

సిగ్గుతో తల దించుకున్నాను. అయినా, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. మనసుకి సమయం సందర్భం ఉండవు.

"బాబూ," అన్నారు నాన్నగారు నెమ్మదిగా. "గుడ్డ పాడుచేస్తే ఇంకోటి తెచ్చి కుట్టి ఇస్తాను. ఏడాది పాడుచేస్తే ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"తప్పయిపోయింది బాబాయ్‌గారూ. తిట్టండి, కొట్టండి. ముందు తనని లోపలికి పంపండి, గేటు మూసేస్తారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "వెళ్లు తల్లీ. ఇతని సంగతి నేను చూస్తాను."

"నాకూ పరీక్ష ఉందండీ..."

"అయితే రాసొచ్చి తిను తిట్లు."

సాయంత్రం అందరికంటే ముందు బయటికొచ్చి, ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. అది మరీ కష్టంగా ఉంది. ఆఖరికి ఆమె వచ్చింది.

"ఎలా రాశావమ్మా?"

"బాగా రాశాను నాన్నా." తర్వాత నా వైపు తిరిగింది. "లెక్కల్లో ఆ ఆరోది మళ్లీ చేసి చూశాను. నీదే తప్పు."

"ఇవాళ నావన్నీ తప్పులే. ఒక్కటి మాత్రం సరిగ్గా చెబుతాను, ఆలస్యం చెయ్యకుండా. నువ్వంటే నాకిష్టం. ఏమంటావు?"

నాన్నగారు స్కూటర్ చక్రాన్ని పరీక్షగా చూడటం మొదలుపెట్టారు.

"మధ్యాహ్నం కనబడి, అప్పుడే ఏడిపించి, సాయంత్రానికి జవాబు కావాలా?" అంది. "తెలియనిదానికి రాస్తే మైనస్ మార్కు. నేను వదిలేస్తున్నాను."

నా మొహం పాలిపోయింది. "వదిలేశావా?"

ఆమె స్కూటర్ ఎక్కి కూర్చుంది. అప్పుడు నవ్వింది.

"వదిలేస్తే కొట్టేసినట్టా, పులీ? పక్కన చుక్క పెట్టుకున్నాను. మళ్లీ వస్తా దాని దగ్గరికి."