నరం తీసిన పన్ను

యూనివర్సిటీలో ఏ ఫంక్షనైనా వ్యాఖ్యానం అతనిదే. అందుకే అందరూ అతన్ని మైకు అనేవారు. అలాంటి మైకు ఓ రోజు పన్ను సలిపి, దవడ పట్టుకుని క్యాంపస్ డెంటల్ క్లినిక్‌కి వెళ్లాడు. నొప్పి పుడితేగానీ అక్కడ ఎవరికీ ఆ క్లినిక్ గుర్తురాదు.

కొత్తగా చేరిన డాక్టరమ్మ అతని నోట్లోకి తొంగిచూసి కళ్లు పెద్దవి చేసింది.

"రోజుకి ఎన్నిసార్లు తోముతారు?"

"గుర్తొచ్చినప్పుడల్లా అండీ."

"జ్ఞాపకశక్తి బాగా తక్కువనుకుంటా!" అని నవ్వింది.

ఆ నవ్వుకి మైకు పడిపోయాడు. ఆమె రూట్ కెనాల్ చేసి, పుచ్చిన పంట్లోని నరం తీసేసి, పైన క్యాప్ వేసి పంపింది. అక్కడితో అయిపోవాలి. కానీ వారం తిరక్కుండానే మైకు క్లినిక్ బెంచీ మీద ప్రత్యక్షమయ్యాడు.

"మళ్లీ నొప్పండీ."

"ఏ పన్ను?"

"మీరు బాగుచేసిందే. ఒకటే జివ్వుమంటోంది."

ఆమె చేతిలోని అద్దం పక్కన పెట్టింది. "దాని నరం నా చేతులతో నేనే తీశాను. ఇంక దేంతో జివ్వుమంటోందండీ?"

నర్సు కిసుక్కున నవ్వింది. మైకు కుర్చీ దిగి, చెప్పులు తారుమారుగా తొడుక్కుని ఒకటే పరుగు.

కొన్నాళ్లకి నిజంగానే జ్ఞానదంతం పొడుచుకొచ్చింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లడం? ఓర్చుకున్నాడు. బుగ్గ బంతిలా వాచాక రూమ్మేటే రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఈసారి ఏ నరం లేని పన్నో..." అంటూ తలెత్తిన డాక్టరమ్మ నవ్వు మింగేసింది. "ఇంత వాచేదాకా ఏం చేస్తున్నారు?"

"మీరు నమ్మరని..."

ఆమె ముఖం చిన్నబోయింది. "నొప్పని వచ్చినవాళ్లని నమ్మకపోతే నేనిక్కడ ఎందుకండీ? ఆ రోజు నేనే ఎక్కువ ఎగతాళి చేశాను."

వాపు తగ్గాక పన్ను తీస్తానని మందులిచ్చింది. పన్ను తీసే రోజున క్లినిక్ పెద్ద డాక్టరు కూడా పక్కనే నిలబడ్డాడు. మత్తు ఇంజెక్షన్‌కి మైకు నోరు మొద్దుబారింది. ఈ నోటితో ఏం చెప్పినా ఎవరికీ అర్థం కాదన్న ధైర్యం పుట్టుకొచ్చింది.

"ఈయంతే... ఆకు... చాయా... ఇత్తం," అనేశాడు ఆమెని చూస్తూ.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నొప్పిగా ఉందంటున్నారు బాబాయ్."

బాబాయ్! మైకు కంగారుగా లేవబోతే ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"మొద్దుబారిన నోళ్ల మాటలు వింటూనే నా జుట్టు నెరిసింది తల్లీ. వాడు నొప్పి అనలేదు. మరి నువ్వేమంటావు?"

ఆమె మాస్కు కళ్లదాకా లాక్కుంది. "ముందు పన్ను తియ్యనివ్వు బాబాయ్. తర్వాత చెబుతా."

"అయితే ఇష్టమేనన్నమాట! లేకపోతే ఇప్పుడే చెప్పేదానివి."

మైకు నవ్వాడు. సగం మూతే నవ్వింది, మిగతా సగం మత్తులో ఉంది.

"నవ్వింది చాలు," అంది ఆమె, 'మీరు' అనడం మానేసి. "నోరు పెద్దగా తెరువు."