నాలుగు పౌన్ల ఆరున్నర ఔన్సులు

"హాలిఫాక్స్ మార్కెట్. పదకొండింటికి పేలుతుంది. బాంబు తెచ్చింది లోర్నా వేన్."

చెవిటి మిషన్‌లో దాచిన రిసీవర్ మూగబోయింది. బంగాళాదుంపల మూట మోసే కూలీ వేషంలో ఉన్న ఏజెంట్ హార్ట్‌లీ గడియారం చూశాడు. పది గంటల యాభై ఏడు. శనివారం, హాలు కిక్కిరిసి ఉంది.

లోర్నా! మన జీతం తీసుకుంటూ శత్రువుకి పనిచేసిన అందగత్తె.

ఎదురుగా, ఎడ్నా అక్రాయిడ్ పళ్ల దుకాణం దగ్గరే లోర్నా ఉంది. తూనికల ఇన్‌స్పెక్టర్ యూనిఫాం, ఎర్రటి లిప్‌స్టిక్. కౌంటర్ మీద కొత్త ఎలక్ట్రానిక్ కాటా పెట్టింది.

"ఇక దీంతోనే తూచాలి. ఆ ఇత్తడి రాళ్లు ఇచ్చెయ్యండి. పౌన్ల తూకాలు చెల్లవు, ఇక అన్నీ కిలోలే."

డెబ్భై ఏళ్ల ఎడ్నా రాళ్ల పెట్టె మీద చెయ్యి వేసింది. "చెల్లవని మీ ఆఫీసు మూడుసార్లు ఉత్తరం రాసింది తల్లీ. మూడూ చెర్రీల పొట్లాలకి వాడాను. నువ్వు నాలుగోది తెచ్చావా?"

లోర్నా ఓపిక నశించి వెనుదిరిగింది. హార్ట్‌లీ మూట జారవిడిచాడు. బేడీలో ఒక కొస ఆమె చేతికి, రెండో కొస దుకాణం ఇనుప స్తంభానికి.

"బాంబు ఎక్కడ?"

ఆమె కళ్లు కాటా మీదికి పోయాయి. తెరపై అంకెలు తగ్గుతున్నాయి. అరవై. యాభై తొమ్మిది.

"ఆపు!"

"పళ్లెంలో సరిగ్గా రెండు కిలోలు పెడితే ఆగుతుంది. ఐదు గ్రాములు తేడా వస్తే అప్పుడే పేలుతుంది," బేడీ లాగుతూ అంది లోర్నా. "కానీ మార్కెట్లో ఒక్క కిలో రాయి లేదు. తనిఖీ పేరుతో పొద్దున్నే అన్నీ వ్యాన్‌లో పంపించేశాను. కరెంటు కూడా తీయించాను, మిగతా కాటాలు పనిచెయ్యవు."

ముప్పై ఒకటి.

"రెండు కిలోలా?" అంది ఎడ్నా. "నాలుగు పౌన్ల ఆరున్నర ఔన్సులు."

"గ్యారంటీయా అమ్మా?"

"జనం పౌన్లలో అడుగుతారు. చట్టం కిలోల్లో రాయమంటుంది. పొద్దుగూకులూ మధ్యలో లెక్క కట్టేది నేనే కదా నాయనా! ఒక గ్రాము, ఒకటిన్నర గ్రాము తగ్గొచ్చు, అంతే. అడ్డు తప్పుకో."

రెండు పౌన్ల రాళ్లు రెండు. నాలుగు ఔన్సులది. రెండు ఔన్సులది. తొమ్మిది. ఎనిమిది. అర ఔన్సు రాయి పెట్టెలో కనపడలేదు.

"ఎక్కడ చచ్చింది ఇది?" ఎడ్నా వేళ్లు అడుగున తడిమాయి. దొరికింది. బటాణీ గింజను పెట్టినంత నెమ్మదిగా పెట్టింది.

రెండు. ఒకటి.

అంకె అక్కడే నిలిచిపోయింది.

హార్ట్‌లీ ఊపిరి పీల్చేలోగా, మిషన్‌లోంచి అంతా వింటున్న చీఫ్ గొంతు చెవిలో పలికింది: "శభాష్! బాంబు స్క్వాడ్ వస్తోంది. వాళ్లు వైరు కోశాక ఆ రాళ్లు సాక్ష్యంగా తీసుకురా."

ఎడ్నా వైపు చూశాడు. ఆమెకి వినపడకపోయినా విషయం అర్థమైంది. పెట్టె దగ్గరికి లాక్కుంది.

"ఆవిడకే ఇవ్వలేదు. నీకిస్తానా?"

సాయంత్రం లండన్‌కి హార్ట్‌లీ రిపోర్టు వెళ్లింది. చివరి వాక్యం: "సాక్ష్యం ప్రస్తుతం డ్యూటీలో ఉంది, చెర్రీలు తూస్తోంది."