నలభై ఒకటో బిళ్ళ

చీకటి పడ్డాక ఐదో గోదాము ముందు నుంచి ఎవరూ ఒంటరిగా నడవరు. మా దీవిలో పాత రేవంటే అందరికీ ముద్దే, ఆ ఒక్క గోదాము తప్ప. నేల కింద నుంచి ఎవరో తడతారట… ఆగి, మళ్ళీ తడతారట.

ఇప్పుడది లాడ్జి. లాంచీ దిగిన యాత్రికులు కోరి కోరి అందులోనే గది తీసుకుంటున్నారు. ముందు హాల్లో పెద్ద పుస్తకం పెట్టారు, మీకేమనిపించిందో రాయండి అని. ఒకాయన రాశాడు — "గాలి బాగుంది, మెట్లు ఎక్కువ." ఒకావిడ — "రాళ్ళ వీధులు, దీపస్తంభాలు, చూడ్డానికి రెండు కళ్ళు చాలలేదు." ఇంకో మహానుభావుడు — "రాత్రి నేల కింద చప్పుడు! భలే ఏర్పాటు చేశారు."

ఏర్పాటట! చదివి నా ఒళ్ళు మండిపోయింది. ఆ రాళ్ళ మీద బస్తాలు మోసి మోసి నా వీపు ఇలా వంగింది. ఆ చప్పుడు ఎవరిదని మాత్రం ఒక్కడూ అడగడు.

నేను చెప్పబోయేది మా తమ్ముడి కూతురూ, ఆమె మొగుడూ నాకు చెప్పిన సంగతి. చివరి ముక్క మాత్రం నేను కళ్ళారా చూసింది.

ముందు గోదాము గురించి చెప్పాలి. దాని అడుగున ఒక మాళిగ ఉంది. సముద్రం నుంచి అందులోకి చిన్న పడవ పట్టేంత సొరంగం. ఆటుకి నీళ్ళు సగం తగ్గిన వేళ పడవలు సరుకుతో లోపలికి వచ్చేవి, మేం కింద నుంచి బస్తాలు పైకి అందించేవాళ్ళం. పోటు వచ్చిందా, సొరంగం నోరు మునిగిపోతుంది. పౌర్ణమి పోటయితే నీళ్ళు మాళిగ కప్పు దాకా వస్తాయి. అందుకే పోటుకి ముందు అందరూ పైకి వచ్చెయ్యాలి, ఇనప మూత వేసెయ్యాలి.

అందరూ వచ్చారని ఎలా తెలుస్తుంది? దానికో బోర్డు. వంద మేకులు, వంద ఇత్తడి బిళ్ళలు, ఒక్కో మనిషికి ఒక్కో నంబరు. దిగేటప్పుడు నీ బిళ్ళ తీసి మెళ్ళో వేసుకుంటావు, పైకి వచ్చాక నీ చేత్తో నువ్వే తగిలిస్తావు. ఒక మేకు ఖాళీగా ఉంటే మూతవాడు మూత మీద మూడుసార్లు కొట్టేవాడు. కింద మనిషుంటే రెండుసార్లు జవాబు కొట్టాలి. బోర్డు నిండిపోతే కొట్టే పనే లేదు. మూత పడిపోయేది.

మా తమ్ముడిది నలభై ఒకటి.

నలభై రెండేళ్ళ కిందట, ఒక పౌర్ణమి నాడు, బోర్డు నిండుగానే ఉంది. మూత పడింది. మా తమ్ముడు ఇంటికి రాలేదు. ఆ రాత్రే ఒక ఓడ రేవు విడిచింది. "బిళ్ళ తగిలించి ఉంది కాబట్టి మనిషి పైకి వచ్చాడు. ఓడెక్కి పారిపోయాడు" అని కంపెనీ వాళ్ళు చేతులు దులుపుకున్నారు. అప్పటికి వాడి కూతురు పుట్టి తొమ్మిది రోజులు.

ఓడెక్కి పోయినవాడి పెళ్ళాం! ఆ మాట పడలేక మా మరదలు పసిదాన్ని ఎత్తుకుని దీవి దాటి పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ నేల తొక్కలేదు.

ఆ పసిదే మొన్న లాంచీ దిగింది. ఇప్పుడు బడిపంతులమ్మ. మొగుడు భూములు కొలిచే సర్వేయరు. అత్తారింటికి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మం ఎత్తు కొలిచాడని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. జేబులో టేపు లేకుండా నిద్ర కూడా పోడు.

"నా ఇల్లుండగా లాడ్జి ఏంటే?" అని కసిరాను.

"అక్కడే ఉండాలి పెదనాన్నా" అంది మెల్లిగా. "అమ్మకి బాగా లేదు. మీ నాన్న పారిపోయాడా, చచ్చిపోయాడా, నేను పోయేలోపు ఆ ఒక్కటి చెప్పవే అంది. అందుకే వచ్చా."



మొదటి రాత్రి వాళ్ళకి కింది అంతస్తులో గది ఇచ్చారు. గది మధ్యలో తివాచీ. దాని కింద ఏముందో వాళ్ళకి తెలియదు.

నడిరాత్రి అమ్మాయికి మెలకువ వచ్చింది.

టక్… టక్… టక్…

మొగుణ్ణి లేపింది. "వింటున్నారా?"

"పక్క గదివాళ్ళు."

"పక్క నుంచి కాదు… కింద నుంచి."

అల్లుడు లేచి తివాచీ పక్కకి లాగాడు. గుండ్రటి ఇనప మూత. చెయ్యి పెట్టి చూశాడు. మంచులా ఉందట. చప్పుడు ఆగిపోయింది.

అమ్మాయి మూతకి చెవి ఆనించింది.

కింద నీళ్ళ కదలిక. ఆ తర్వాత — ఊపిరి. ఆ తర్వాత, ఎక్కడో లోతు నుంచి, గొంతు నొక్కుకుపోయిన మాట…

తెల్లవారాక ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అల్లుడి ముఖం వెలిగిపోతోంది.

"దెయ్యం దొరికింది మామయ్యగారూ!"

"ఎక్కడ?"

"పొద్దున్నే ఆటు సమయానికి కాపలావాడితో మూత తీయించా. టార్చి వేసి చూస్తే పడవ చెక్క ముక్క ఒకటి, నాలుగడుగుల రెండంగుళాలు. పోటు వచ్చినప్పుడు తేలి స్తంభానికి కొట్టుకుంటోంది. నలభై ఏళ్ళుగా ఊరంతా ఒక చెక్కకి జడుస్తోంది!"

"మరి మాట?" అంది అమ్మాయి.

"సొరంగంలో గాలి."

"గాలికి మాటలొస్తాయా?" ఆమె నా వైపు తిరిగింది. "పెదనాన్నా, నాకు స్పష్టంగా వినిపించింది. 'అన్నా… నేను పైకి రాలేదు. నా బిళ్ళ తియ్యి' అని. బిళ్ళ అంటే ఏంటి?"

నా చేతిలో టీ చల్లారిపోయింది.

నలభై రెండేళ్ళు నేను రేవులో కొట్లాడాను. లాఠీలు తిన్నాను, జైల్లో కూర్చున్నాను, కంపెనీ గేటు ముందు గొంతు పోయేలా అరిచాను. అందరూ నన్ను ధైర్యవంతుడన్నారు. ఒక్క మాట మాత్రం ఎవరి ముందూ చెప్పే ధైర్యం రాలేదు. ఆ రోజు చెప్పాను.

"ఆ బిళ్ళ తగిలించింది నేనే తల్లీ."

మాలో ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా ఇంట్లో పనుంటే ముందే జారుకునేవాడు, వాడి బిళ్ళ తోటివాడు తగిలించేవాడు. తెలిస్తే ఇద్దరి పనీ పోతుంది. అయినా చేసేవాళ్ళం. ఆ మధ్యాహ్నం తమ్ముడు తన బిళ్ళ నా చేతిలో పెట్టి, "పాపని చూడాలి అన్నా, నేను పోతున్నా" అన్నాడు. "పోరా, పిల్ల మొహం చూశాక నా మొహం ఏం చూస్తావులే" అని నవ్వాను. నేను పైకి వచ్చేశాను. వాడు పడవలో బయటికి పోయాడనుకున్నాను. ఆఖరి పడవలో పది బస్తాలు మిగిలాయని మేస్త్రీ వాణ్ణి ఆపేసి తను పైకి వచ్చేశాడట, బోర్డు నిండి ఉంటే వాడూ వచ్చేశాడనుకున్నాడట. ఆ సంగతి నాకు మూడో రోజు గానీ తెలియలేదు.

నేను బిళ్ళ తగిలించాను. బోర్డు నిండింది. మూతవాడు కొట్టి చూడలేదు.

ఆ రాత్రి కాపలావాడికి నేల కింద చప్పుడు వినిపించింది. దెయ్యమని పారిపోయాడు. గోదాముకి చెడ్డపేరు పుట్టింది ఆ రాత్రే… మొదటిసారి తట్టింది దెయ్యం కాదు. మనిషి. బతికున్న మనిషి.

శవం? ఆటు లాక్కుపోయి ఉంటుంది.

అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"లేవండి పెదనాన్నా" అంది.

సాయంత్రం లాడ్జికి వెళ్ళాం. ఆ పాత బోర్డు ముందు హాల్లోనే ఉంది, వార్నిష్ వేసి, అందం కోసం. వంద బిళ్ళలు మెరుస్తున్నాయి. నేను తిన్నగా వెళ్ళి నలభై ఒకటి తీశాను.

కౌంటరు దగ్గర పిల్ల పరిగెత్తుకొచ్చింది. "తాతగారూ! అది అలంకారానికండీ, ముట్టుకోకూడదు!"

"మనిషి ఇంకా పైకి రాలేదమ్మా" అన్నాను.



గదిలో అల్లుడు గడియారం చూశాడు. "ఇప్పుడు పూర్తి ఆటు మామయ్యగారూ. కింద చుక్క నీళ్ళుండవు. చెక్క కదలదు. మీకే తెలుస్తుంది."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. చేతికర్రతో మూత మీద కొట్టాను. ఒకటి… రెండు… మూడు. ఆ రోజు ఎవరూ కొట్టని మూడు.

ఎదురుచూశాం.

అల్లుడు ఏదో అనబోయాడు…

టక్. టక్.

అతనే మూత లాగేశాడు. టార్చి వేశాడు. ఒట్టి బురద. చెక్క ముక్క దూరంగా గోడ వార పడి ఉంది. మనిషన్నవాడు లేడు.

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఫోను చేసింది. "అమ్మా… నాన్న ఎక్కడికీ పారిపోలేదు. నన్ను చూడ్డానికి బయల్దేరాడు. పైకి రానివ్వలేదంతే." అవతల నుంచి ఏడుపు ఇక్కడి దాకా వినిపించింది. నలభై రెండేళ్ళ ఏడుపు.

బిళ్ళ మూత అంచున పెట్టాను. "ఈ రాత్రికి మూత వెయ్యకండి" అన్నాను. ఎవరూ కాదనలేదు. నేను హాల్లో కుర్చీలో, బోర్డుకి ఎదురుగా కూర్చున్నాను. కళ్ళు మూయకూడదనుకున్నాను. ముసలి కళ్ళు… నడిరాత్రి దాటాక మూతపడ్డాయి.

తెల్లవారుజామున అల్లుడు భుజం తట్టి లేపాడు. వేలితో చూపించాడు.

గదిలో, తెరిచిన మూత దగ్గర నుంచి తడి పాదాల గుర్తులు. చెప్పులు లేని పాదాలు. తిన్నగా అమ్మాయి మంచం దగ్గరికి వెళ్ళాయి. అక్కడ నేల బాగా తడిసి ఉంది, ఎవరో చాలాసేపు నిలబడినట్టు. తర్వాత గుమ్మం దాటి, నా కుర్చీ పక్కనుంచి, బోర్డు దాకా.

నలభై ఒకటో మేకుకి బిళ్ళ వేలాడుతోంది. దాని అంచు నుంచి ఉప్పునీళ్ళు ఒక్కో చుక్కే రాలుతున్నాయి.

అల్లుడు జేబులో చెయ్యి పెట్టాడు. కానీ టేపు బయటికి తియ్యలేదు.